పాటల బీరువా ఇంట్లో, స్పీకర్లు కారులో

సొంతంగా కూడబెట్టుకున్న పాటలు చాలామంది ఇళ్లలో ఓ పాత కంప్యూటర్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో పడి ఉంటాయి. సీడీల నుంచి ఎక్కించుకున్నవి, క్యాసెట్ల నుంచి గంటలకొద్దీ కూర్చుని దించుకున్నవి, డబ్బు పెట్టి కొన్న ఫైళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు రికార్డు చేసిన కచేరీలు, శ్రీరామనవమి పందిట్లో చెప్పించిన హరికథ. కారెక్కి బండి తీయగానే ఇవేవీ మనతో రావు. నెలనెలా చందా కట్టే యాప్‌లో ఏముంటే అదే వింటాం. ఆ హరికథ అందులో ఎప్పటికీ ఉండదు. ఉన్న పాట కూడా హక్కుల ఒప్పందం ముగిస్తే చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. ఒక్కోసారి యాప్‌కి యాపే పోతుంది. ఒక్కొక్కరు 50,000 దాకా సొంత పాటలు దాచుకునే వీలిచ్చిన గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. వింక్ మ్యూజిక్‌ని మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ 2024లో ప్రకటించింది.

ఇంట్లోని పాటల్ని కారులో వినిపించే పనిముట్లు ఉన్నాయి, చాలావరకు ఉచితం కూడా. చిక్కల్లా, వెతకడం మొదలుపెట్టగానే నావిడ్రోమ్, ప్లెక్స్, టెయిల్‌స్కేల్, ఫ్లాక్, ఆండ్రాయిడ్ ఆటో, పోర్ట్ ఫార్వర్డింగ్ అంటూ పేర్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఏది దేనికో అర్థం కాదు. ఇవి నాలుగు వేర్వేరు పనులకు సంబంధించిన పేర్లు. పాటల్ని వరసగా పేర్చి, అడిగిన ఫోన్‌కి అందించడం ఒక పని. రోడ్డు మీద ఉన్న ఆ ఫోన్ మన ఇంటి యంత్రాన్ని చేరుకోవడం రెండోది. మొబైల్ డేటాకి తగ్గట్టు పాట బరువు తగ్గించడం మూడోది. ఫోన్‌లోకి వచ్చిన పాట కారు స్పీకర్ దాకా పోవడం నాలుగోది. కారే పెద్ద సమస్య అనుకుని చాలామంది అక్కడ మొదలుపెడతారు గానీ, అన్నిట్లోకీ అదే తేలిక. మన దేశంలో ముడి బిగుసుకునేది రెండో పని దగ్గర. ఎక్కువ ఓపిక అడిగేది ఈ నాలుగింటిలోనూ లేని ఇంకో పని: పాటల పేర్లు సరిచేసుకోవడం.

ముందు బరువు తూచుకోవాలి

సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఒక్కో నమూనా 16 బిట్లు, ఎడమకీ కుడికీ వేరువేరుగా. అంటే సెకనుకు 1,411 కిలోబిట్లు. ఫ్లాక్ ఫైలు ఇందులో ఒక్క బిట్టు కూడా పోగొట్టకుండా కుదిస్తుంది. పాటను బట్టి మారినా, లెక్క కోసం సెకనుకు 900 కిలోబిట్లు అనుకుందాం. ఎంపీ3 అయితే పై నాణ్యతలో 320. 2012లో ప్రమాణంగా స్థిరపడిన ఓపస్ అనే కుదింపు పద్ధతి 128 దగ్గరే ఎంత శుభ్రంగా వినిపిస్తుందంటే, టైర్ల రొద, ఏసీ గాలి మధ్య అసలుకీ దానికీ తేడా పట్టడం చాలా కష్టం.

గంటసేపు వింటే ఫ్లాక్‌కి సుమారు 405 ఎంబీ ఖర్చవుతుంది, ఎంపీ3కి 144, ఓపస్‌కి 58. హైదరాబాద్ నుంచి విజయవాడకి అయిదు గంటల ప్రయాణం అనుకుంటే ఫ్లాక్ రెండు జీబీలు తాగేస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్నవాళ్లకి కోదాడ దాటాక ఎక్కడో పాట ఆగిపోతుంది. ఓపస్ అయితే అంత దూరానికీ 300 ఎంబీ లోపే.

ఇంకో లెక్క కూడా వేయాలి. అయిదేసి నిమిషాల పాటలు 5,000 ఉన్నాయనుకుందాం. ఫ్లాక్‌లో అవి 169 జీబీ, 320 ఎంపీ3లో 60 జీబీ, 128 ఓపస్‌లో 24 జీబీ. అంటే ఓ మోస్తరు పెద్ద సేకరణ మొత్తం, కాస్త ఖాళీ ఉన్న ఫోన్‌లో పట్టేస్తుంది! నా ఉద్దేశంలో ఈ వ్యవహారమంతటికీ కీలకం ఇదే. అసలు ఫైలు పూర్తి నాణ్యతతో ఇంట్లో ఉండాలి, ఫోన్‌లో దాని తేలికపాటి నకలు ఉండాలి. రోజూ వినే పాటలు ముందే ఫోన్‌లోకి దిగి ఉండాలి. హఠాత్తుగా గుర్తొచ్చిన పాట, నిన్ననే ఇంట్లో చేర్చిన ఆల్బమ్ మాత్రం దారిలో ఉండగా నెట్ మీద రావాలి. ఈ విభజన ముందే చేసుకుంటే మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక సిగ్నల్ పోయినా పాట పోదు. ప్రతి పాటా ఇంటి నుంచి అప్పటికప్పుడే రావాలని పట్టుబట్టేవాళ్లే ఘాట్ రోడ్డు మీద తిరుగుతున్న గుండ్రాన్ని చూస్తూ కూర్చుంటారు.

మీ దగ్గర ఉన్నవి ఏ రెండు మూడు వందల పాటలో అయి, అవి పెద్దగా మారనివైతే పెన్‌డ్రైవ్ చాలు. అందులో చిన్నతనం ఏమీ లేదు. సేకరణ పెరుగుతూ ఉన్నప్పుడు, ఇంట్లో నలుగురూ వాడుతున్నప్పుడు, ఒకచోట దిద్దిన పేరు అన్నిచోట్లా దిద్దుకోవాలన్నప్పుడు సర్వర్, అంటే అడిగిన ఫోన్‌కి పాట అందించే యంత్రం, అవసరం పడుతుంది.

వడ్డించే యంత్రం

దీనికి కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు. రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు అయిదు వాట్లు తీసుకుంటే నెలంతా నడిచినా 3.6 యూనిట్లే. పాత ల్యాప్‌టాప్ 20 వాట్లు తీసుకుంటే 14 యూనిట్ల పైచిలుకు. అయినా నేను ల్యాప్‌టాప్ వైపే మొగ్గుతాను. బ్యాటరీ ఇంకా బాగున్న ల్యాప్‌టాప్‌కి కరెంటు పోయినా ఫర్వాలేదు, చిన్న బోర్డుకి ఆ దన్ను ఉండదు. రౌటర్‌కి మాత్రం చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోవాలి, లేకపోతే సర్వర్ మెలకువగా ఉండి కూడా లాభం లేదు.

సాఫ్ట్‌వేర్‌లో సిండ్రె మేహుస్ అనే ప్రోగ్రామర్ చేసిన సబ్‌సోనిక్‌ని ముందుగా చెప్పుకోవాలి. ఆ సర్వర్‌ని ఇప్పుడు కొత్తగా పెట్టుకునేవాళ్లు తక్కువ. దాని కోడ్‌ని అందరికీ తెరిచి ఉంచడం కూడా 2016లో ఆగిపోయింది. కానీ ఫోన్ యాప్ సర్వర్‌ని ఎలా అడగాలి, సర్వర్ ఎలా బదులివ్వాలి అని అది పెట్టిన పద్ధతి మాత్రం నిలిచిపోయింది. ఇవాళ అందరూ చెప్పే సర్వర్ సాఫ్ట్‌వేర్ నావిడ్రోమ్ ఆ పద్ధతిలోనే బదులిస్తుంది. ఆండ్రాయిడ్‌లో సింఫోనియం, డీసబ్, ఐఫోన్‌లో ఆంపర్‌ఫై లాంటి యాప్‌లు ఆ పద్ధతిలోనే అడుగుతాయి. అందుకే యాప్ నచ్చకపోతే యాప్ ఒక్కటే మార్చుకోవచ్చు, సర్వర్ నచ్చకపోతే సర్వర్ ఒక్కటే. ఏ ఒక్క కంపెనీ మూతపడ్డా మన పాటలు ఎక్కడికీ పోవు.

సినిమాలు కూడా అదే యంత్రం నుంచి చూడాలనుకుంటే 2018లో ఎంబీ (Emby) అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి చీలి వచ్చిన జెల్లీఫిన్ ఉంది. పద్ధతి తేలిగ్గా ఉండాలి, ఖాతా తెరిచినా ఫర్వాలేదు అనుకుంటే ప్లెక్స్, దాని పాటల యాప్ ప్లెక్స్ఆంప్ ఉన్నాయి. పాటలొక్కటే కావాలంటే నా ఓటు నావిడ్రోమ్‌కే. అది తేలికైనది, పాత యంత్రం మీద కూడా చురుగ్గా నడుస్తుంది. పైన చెప్పిన బరువు తగ్గించే పని కూడా అదే చేస్తుంది. ఫోన్ యాప్‌లో వైఫైకి అసలు ఫైలు, మొబైల్ డేటాకి 128 ఓపస్ అని ఒక్కసారి పెట్టేస్తే, ఇంట్లోని ఫ్లాక్‌ని ముట్టుకోకుండా పంపేటప్పుడే మార్చి పంపుతుంది.

ఇంటికి దారి ఏది?

ఇంట్లో వైఫై మీద అన్నీ చక్కగా పనిచేస్తాయి. గేటు దాటి ఫోన్ మొబైల్ డేటాకి మారగానే సర్వర్ దొరకదు. పోర్ట్ ఫార్వర్డింగ్ గురించి, అంటే బయటి నుంచి వచ్చేవాటిని ఇంట్లోని యంత్రానికి పంపేలా రౌటర్‌లో తలుపు తెరవడం గురించి చదివి రౌటర్‌లో 4533 పోర్ట్ తెరుస్తారు, అది నావిడ్రోమ్ మామూలుగా వాడే పోర్ట్. అయినా దొరకదు. ఇక్కడే చాలామంది విసిగి వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు.

ఇంటర్నెట్‌లో యంత్రాల్ని గుర్తుపట్టడానికి వాడే ఐపీవీ4 చిరునామాలు 32 బిట్లవి, మొత్తం కలిపినా 430 కోట్లు. ప్రపంచ స్థాయిలో పంచిపెట్టడానికి మిగిలిన చివరి వాటాలు 2011లోనే అయిపోయాయి. అప్పటికి మన దేశంలో ఇంటింటికీ నెట్ ఇంకా రానేలేదు. ఆ తర్వాత లక్షల కనెక్షన్లు ఇచ్చిన కంపెనీలు ఒక్క చిరునామా వెనక ఎన్నో ఇళ్లను పెట్టాల్సి వచ్చింది. సీజీనాట్ అంటే ఇదే. ఫ్లాట్ నంబరు లేకుండా అపార్ట్‌మెంట్ పేరు మాత్రమే ఉన్న ఉత్తరాన్ని ఊహించుకోండి. లోపలివాళ్లు ముందు ఉత్తరం రాసి ఉంటే వాచ్‌మన్ గుర్తుపెట్టుకుని, వచ్చిన జవాబుని వాళ్లకే ఇస్తాడు. బయటి నుంచి కొత్తగా వచ్చినదాన్ని ఎవరికివ్వాలో అతనికి తెలియదు. మన రౌటర్‌లో తెరిచిన పోర్ట్ మన ఫ్లాట్ తలుపు. మూసి ఉన్నది అపార్ట్‌మెంట్ గేటు, దాని తాళం నెట్ కంపెనీ దగ్గర ఉంది.

మీ ఇల్లు ఇలా ఉందో లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది. రౌటర్ సెట్టింగుల పేజీలో వ్యాన్ ఐపీ (WAN IP) అని ఓ అంకె ఉంటుంది. ‘నా ఐపీ ఏది’ అని వెతికితే వెబ్‌సైటు చూపే అంకెతో దాన్ని పోల్చండి. రెండూ వేరైతే, లేదా రౌటర్‌లోని అంకె 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. ఆ వరసని 2012లో ఈ పనికోసమే కేటాయించారు. అమెరికాలో కేబుల్ నెట్ ఉన్న తెలుగువాళ్ల ఇళ్లకి సాధారణంగా సొంత ఐపీవీ4 చిరునామా ఉంటుంది. అక్కడివాళ్లు రాసిన సూచనలు ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే.

బయటపడే దారులు ఉన్నాయి. నెట్ కంపెనీకి అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత చిరునామా, తీసుకోవచ్చు. కొన్ని కంపెనీలు ఇంటి కనెక్షన్లకి కూడా ఇస్తాయి. లేదా కొత్త తరం చిరునామాలైన ఐపీవీ6 వాడొచ్చు. అందులో చిరునామా 128 బిట్లు కాబట్టి కొరత లేదు, ప్రతి పరికరానికీ సొంతది ఇవ్వొచ్చు. 2016లో వచ్చిన జియో నెట్‌వర్క్ ఐపీవీ6ని విస్తృతంగా వాడుతుంది. అయితే ఇంటి నెట్‌కీ ఫోన్ నెట్‌కీ రెంటికీ ఐపీవీ6 ఉండాలి, రౌటర్‌లోని ఫైర్‌వాల్ కూడా ఒప్పుకోవాలి. ఒక్కటి లేకపోయినా దారి తెగుతుంది.

ఈ రెండు దారుల్లోనూ ఇంకో సంగతి ఉంది. తలుపు తెరిస్తే మన ఫోన్ ఒక్కటే రాదు. తెరిచి ఉన్న పోర్ట్‌ల కోసం ఇంటర్నెట్ అంతా రాత్రింబగళ్లు గాలించే ప్రోగ్రాములున్నాయి. సబ్‌సోనిక్ పద్ధతి పాతది కావడంతో పాస్‌వర్డ్ పంపే తీరు కూడా ఈ కాలానికి బలహీనమే. హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతి) లేకుండా దాన్ని బయట పెట్టకూడదు. సర్టిఫికెట్లు, డొమైన్లు, అప్‌డేట్లు అన్నీ చూసుకునే ఓపిక ఉంటే మంచిదే. లేనివాళ్లకి నేను చెప్పేది ఒక్కటే మాట, మన పరికరాల మధ్య సొంత గుప్తమార్గం వేసే వీపీఎన్ టెయిల్‌స్కేల్.

అది పనిచేసే తీరు తెలిస్తే భయం పోతుంది. దాని యాప్ ఇంట్లో సర్వర్ మీద ఒకటి, ఫోన్‌లో ఒకటి పెట్టి ఒకే ఖాతాతో లాగిన్ అవుతాం. రెండూ లోపలి నుంచి బయటికే మాట్లాడతాయి, ఓ సమన్వయ సర్వర్‌కి తమ ఆచూకీ చెప్పుకుంటాయి. అది ఒకరి ఆచూకీ ఒకరికి అందిస్తుంది. వెంటనే రెండు వైపుల నుంచీ ఒకేసారి ప్యాకెట్లు బయల్దేరతాయి. బయటికి వెళ్లినదానికి జవాబు వచ్చిందనుకుని రెండు వైపులా ఉన్న గేట్లు వాటిని లోపలికి వదిలేస్తాయి. అక్కణ్నుంచి ఫోన్, సర్వర్ నేరుగా మాట్లాడుకుంటాయి. నేరుగా కుదరని చోట రిలే సర్వర్ మీదుగా పోతుంది, వేగం తగ్గొచ్చు. ఏ దారిన పోయినా లోపలి సమాచారం వైర్‌గార్డ్ పద్ధతిలో గుప్తంగానే ఉంటుంది. 2020లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నెల్‌లోనే చేరిన పద్ధతి అది. విప్పే తాళంచెవి మన పరికరాలు దాటి బయటికి పోదు. ఏ పోర్టూ తెరవక్కర్లేదు, సీజీనాట్‌తో పేచీ లేదు, వ్యక్తిగత వాడకానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. ఆండ్రాయిడ్ ఒకేసారి ఒక వీపీఎన్‌నే నడవనిస్తుంది. ఫోన్‌లో ఆఫీసు వీపీఎన్ తెరిస్తే టెయిల్‌స్కేల్ ఆగిపోతుంది, దాంతో పాటలూ ఆగుతాయి. ఫోన్‌లో దింపిపెట్టుకున్న నకళ్లు అప్పుడూ ఆదుకుంటాయి.

ఫోన్ నుంచి స్పీకర్‌కి

బ్లూటూత్ ఉంటే చాలు, ఏ యాప్ పాటైనా కారులో మోగుతుంది. కాకపోతే దారిలో మరోసారి కుదింపు జరుగుతుంది. అన్ని కార్లకీ తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ పద్ధతి మామూలుగా సెకనుకు 328 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది. కాబట్టి ఇంటి నుంచి ఫ్లాక్ తెప్పించి బ్లూటూత్‌లో వినడం డేటా దండగ. ఫోన్‌లోని యాప్‌లని కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్ కార్‌ప్లేల దారి వేరు. తీగతో అయినా, తీగ లేకుండా వైఫై మీద అయినా బ్లూటూత్ కుదింపు ఉండదు.

వీటిలో ఫోన్ తెర మొత్తం కారు తెర మీద కనపడదు. యాప్ తయారుచేసినవాళ్లు ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తేనే అది కారు తెర మీద కనిపిస్తుంది. కాబట్టి యాప్ ఎంచుకునే ముందు చూడాల్సింది ఇదొక్కటే. సింఫోనియం ఆండ్రాయిడ్ ఆటోలో, ఆంపర్‌ఫై కార్‌ప్లేలో వస్తాయి. ప్లే స్టోర్ నుంచి కాకుండా బయటి నుంచి ఎక్కించిన యాప్ కనిపించకపోతే ఆండ్రాయిడ్ ఆటో డెవలపర్ సెట్టింగుల్లో ‘అన్‌నోన్ సోర్సెస్’ ఆన్ చేయాలి.

తెలుగు లిపిలో పేర్లు రాసుకునేవాళ్లకి ఇక్కడ ఓ శుభవార్త. పెన్‌డ్రైవ్‌లోనో బ్లూటూత్‌లోనో పాట పేరు తెలుగులో ఉంటే చాలా కార్ల తెర మీద ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, ఆ స్టీరియోలో తెలుగు ఫాంటు ఉండదు గనక. ఆండ్రాయిడ్ ఆటోలో బొమ్మ గీసేది ఫోనే. ఫోన్‌కి తెలుగు వచ్చు కాబట్టి కారు తెర మీదా గుణింతాలు, వత్తులతో సహా తెలుగు సరిగ్గా కనిపిస్తుంది.

పేర్లు దిద్దడమే అసలు పని

నావిడ్రోమ్ ఫోల్డర్ పేర్లు పట్టించుకోదు. ఫైలు లోపల రాసి ఉన్న ట్యాగుల్నే, అంటే పాట, ఆల్బమ్, గాయకుల పేర్లుండే గడుల్నే నమ్ముతుంది. మన సినిమా పాటలకి ఈ ట్యాగులు సరిగ్గా అతకవు. వాటిని ఒక గాయకుడు ఒక ఆల్బమ్ అంతా పాడే సంగీతం కోసం తయారుచేశారు. మన సినిమాలో ఆరు పాటలుంటే ఒకటి బాలు, ఒకటి జానకి, ఒకటి ఇద్దరూ కలిసి, ఇంకోటి సుశీల, మరోటి బృందం పాడతారు. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి ఖాళీగా ఉంటే ఆ సినిమా నాలుగైదు ఆల్బమ్‌లుగా విరిగిపోయి తెర మీద వరసగా కనిపిస్తుంది. కారు నడుపుతూ వాటిని వెతుక్కోవడం ప్రమాదం కూడా.

నా పద్ధతి చెబుతాను. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో ఆ సినిమా సంగీత దర్శకుడి పేరు రాస్తాను. పాడినవాళ్లు ‘ఆర్టిస్ట్’ గడిలోకి, రాసిన కవి ‘లిరిసిస్ట్’ గడిలోకి. సినిమా విడుదలైన ఏడాది తప్పకుండా వేస్తాను. ‘దేవదాసు’ 1953లో ఒకటి ఉంది, 2006లో ఇంకోటి ఉంది. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడి పేరు కాకుండా రెంటికీ ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ లాంటి ఒకే మాట ఉండి, ఏడాది కూడా లేకపోతే ఈ రెండు సినిమాల పాటలూ ఒకే ఆల్బమ్‌లో కలిసిపోతాయి. ఇటీవలి నావిడ్రోమ్ గీత రచయితల్ని కూడా విడిగా గుర్తిస్తుంది కాబట్టి, ఆత్రేయ రాసినవన్నీ ఒకచోట, వేటూరివన్నీ ఒకచోట చూడొచ్చు. పాటని సాహిత్యం కోసం వినేవాళ్లకి ఇంతకన్నా పెద్ద కానుక ఉండదు.

లిపి సంగతి మొదట్లోనే తేల్చుకోవాలి. ఘంటసాల పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఫైలులో ఒక రకంగా, ఇంకో ఫైలులో మరో రకంగా రాసి ఉంటారు. సర్వర్‌కి వాళ్లు ఇద్దరు గాయకులు. తెలుగు లిపిలో ఘంటసాలకి ఒకటే రూపం, అందుకే నాకు తెలుగు ఇష్టం. మాటతో పాట అడిగే అలవాటున్నవాళ్లు మాత్రం ఆలోచించాలి. అసిస్టెంట్ భాష ఇంగ్లిష్‌లో ఉంటే అది విన్నదాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకుని వెతుకుతుంది, తెలుగు లిపిలోని పేరు దానికి చిక్కదు. ఏదో ఒకటి ఎంచుకుని సేకరణ అంతటికీ అదే పాటించండి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ పాటని విని గుర్తుపట్టి ట్యాగులు నింపగలదు. పాత తెలుగు పాటల విషయంలో మాత్రం ఎంపీ3ట్యాగ్ లాంటిది తెరిచి చేత్తో దిద్దుకోక తప్పదు. రాత్రిపూట ఒక సినిమా చొప్పున చేస్తే అదీ పాటతో గడిపినట్టే ఉంటుంది.

పనిలో పనిగా రీప్లేగెయిన్ విలువలు కూడా రాయించండి. 1950ల పాట మెత్తగా మోగి, తర్వాతి కొత్త పాట అదాటున అరిచినట్టు వస్తే చెయ్యి స్టీరింగ్ వదిలి వాల్యూమ్ మీదికి పోతుంది. ప్రతి పాట బిగ్గరతనాన్ని ముందే కొలిచి ఫైలులో రాసిపెడితే యాప్ దాన్ని సర్దుతుంది. అయితే కచేరీలో ఆలాపన మొదలుని అది కాపాడలేదు. మెల్లగా ఎత్తుకున్న రాగం రోడ్డు రొదలో మునిగిపోతుంది. అలాంటివి ఇంట్లో వినడమే న్యాయం.

ఒకే ఖాతా పరిధిలో ఇంట్లోవాళ్లు వినడం వేరు, లింకు బయట పంచడం వేరు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకానికి వీలిస్తుంది, ఊరందరికీ పంచడానికి కాదు. సర్వర్ ఉన్నంత మాత్రాన పాటలు భద్రం అనుకోవద్దు. హరికథ క్యాసెట్ మళ్లీ దొరకదు, కాబట్టి మొత్తం సేకరణకి మరో డిస్కులో ఇంకో ప్రతి, వీలైతే ఇంకో ఇంట్లో, ఉండాలి.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం రెండు పరీక్షలు చేసుకోండి. ఇంట్లోనే ఫోన్ వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఇప్పటిదాకా వినని పాట ఒకటి పెట్టి చూడండి, ఇంటికి దారి ఉందో లేదో తెలుస్తుంది. తర్వాత ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అడవి దారిలో వినాలనుకున్న ఆల్బమ్ మొదటి పాట కాకుండా చివరి పాట మోగించండి. మొదటి పాట దానంతటదే దాచుకుని ఉండొచ్చు. చివరిది మోగితేనే ఆల్బమ్ మొత్తం దిగినట్టు.